మూడో మార్పిడి

"ఆ కాగితం ఎత్తి పెట్టెలో పెట్టేయ్ కస్తూరీ. సాయంత్రం అక్క వస్తాది."

కోటి ఆ మాట అనడం అది మూడోసారి. మూడుసార్లూ గోడవైపు చూస్తూనే అన్నాడు.

కస్తూరి కదల్లేదు. భర్త అన్నం పళ్ళెం పక్కనే, నేలమీద, మడతలు విప్పి పరిచిన ఆ ఉత్తరం ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా దాని మీద మజ్జిగ చెంబు పెట్టింది. పన్నెండేళ్ళ నాటి ఉత్తరం. సోమవారం నాడు అటక దులుపుతుంటే ఆడబిడ్డ రాజశ్రీ పాత ట్రంకు పెట్టెలో, సర్టిఫికెట్ల అడుగున దొరికింది. పైన కస్తూరి పేరే ఉంది. లోపల ఉన్నది ఒక్కటే విషయం. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం సెలక్షన్ కోసం గురువారం ఉదయం ఆరున్నరకల్లా గ్రౌండులో హాజరు కావాలి.

ఆ గురువారం కస్తూరి ఎనిమిదిన్నరకు వెళ్ళింది. అరగంట ముందే వచ్చానని సంబరపడుతూ వెళ్ళింది. గేటు మూసి ఉంది. ఎనిమిది వందల మీటర్ల పరుగు అయిపోయి, గెలిచినవాళ్ళ పేర్లు రాసుకుంటున్నారు.

"ఆరున్నర అని రాసుండాది," అంది కస్తూరి. "నాకు తొమ్మిదని చెప్పినారు."

"ఎన్నిసార్లు చెప్పాల నీకు? అక్క తొమ్మిదనింది. నేను సైకిలేసుకోని వ్యాసర్పాడికి వచ్చి, మీ ఇంటి ముందర నిలబడి, తొమ్మిదని చెప్తిని. ఆ లోపల ఏముందో నాకేం తెలుసు?"

"కాగితం యాడ అని అడిగితిని ఆ పొద్దు."

"అక్క దగ్గరుండాది, గ్రౌండులో ఇస్తాది అంటిని. అదే గదా అక్క చెప్పింది."

కోటి పెరుగన్నం కలపడం ఆపి చెయ్యి కడిగేసుకున్నాడు. సగం అన్నం పళ్ళెంలోనే ఉండిపోయింది.

"పన్నెండేండ్లు అయిపాయె. దాన్ని ఇప్పుడు తవ్వి ఏం చేస్తావు? రేపు పరుగు. అక్క ఆఫీసోళ్ళంతా ఫినిష్ దగ్గర వచ్చి కూచుంటారంట. సోమవారం దానికి ఆడపిల్లల టీముకు కోచ్ ఆర్డరు ఇస్తారు. ఈ టైంలో నువ్వు నోరు తెరిస్తే బాగుండదు."

"నేనేమీ నోరు తెరవను," అంది కస్తూరి.

అతను తల ఎత్తి ఆమె మొహంలోకి చూశాడు. ఐదు రోజుల తర్వాత మొదటిసారి చూశాడు. ఆమె చెంబు పక్కకు తీసి, ఉత్తరం మడిచి, తన రవికలో దోపుకుంది. పెట్టెలో పెట్టలేదు.

*

ఉత్తరం పెరంబూరులోని ఈ ఇంటికి రావడానికి కారణం ఉంది. అప్పట్లో వ్యాసర్పాడిలో కస్తూరి వాళ్ళ ఇంటికి సరైన డోరు నంబరు లేదు. పోస్టుమాను వీధి మొదట్లోనే వెనక్కి తిరిగిపోయేవాడు. "మా ఇంటి అడ్రసు ఇచ్చేయ్ కస్తూ," అని రాజశ్రీయే అంది. ఇద్దరూ ఒకే గ్రౌండులో పరిగెత్తేవాళ్ళు. ఒకే సీసాలో నీళ్ళు తాగేవాళ్ళు. ఎనిమిది వందల మీటర్లలో కస్తూరి ఎప్పుడూ రెండు సెకన్లు ముందుండేది. ఆ రెండు సెకన్ల గురించి రాజశ్రీ ఒక్కనాడూ మొహం ముడుచుకోలేదు. అందుకే కస్తూరి ఇన్నేళ్ళూ అనుమానించలేదు. టైము మార్చారేమో, ఎవరో పొరపాటు పడ్డారేమో అనుకుంది.

ఉద్యోగం రాజశ్రీకి వచ్చింది. రెండేళ్ళకు ఆమె తమ్ముడు కోటి కస్తూరిని పెళ్ళి చేసుకున్నాడు. రాజశ్రీ వదిన అయింది. కస్తూరి పురసవాక్కంలో బట్టల షాపులో చీరల కౌంటరు దగ్గర నిలబడింది. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా కూర్చోవడానికి వీల్లేదు. పన్నెండు సెకన్లలో వంద మీటర్లు పోయిన కాళ్ళు సాయంత్రానికి తిమ్మిరెక్కి, వాటిని గోడకు ఆనించుకుంటే తప్ప నిద్ర పట్టేది కాదు.

పోయిన ఆరు నెలలుగా మాత్రం తెల్లవారుజామునే లేచి మళ్ళీ పరిగెడుతోంది. సిటీ మారథాన్‌లో ఇంటివాళ్ళ రిలే ఉందనీ, నలుగురం కలిసి పరిగెత్తుదామనీ రాజశ్రీయే అడిగింది. కస్తూరికి ఎంత సంతోషమైందో చెప్పలేం. 

అత్తగారు మునెమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. కోటి బయటికి పోయాక మెల్లగా వచ్చి పళ్ళెం తీసింది.

"మే, అది నా కూతురు," అంది. "తప్పు చేసుంటే చేసుండొచ్చు. నేను లేదనను. కానీ దాని కూడు ఆడ ఉండాది. పది మంది ముందర పరువు తీయొద్దు."

"నా కూడు యాడ ఉండె అత్తా?"

మునెమ్మ కొళాయి తిప్పింది. పళ్ళెం కడుగుతూ చాలాసేపు కొళాయి కట్టలేదు.

*

ఆ ఉదయమే, మర్నాటి పరుగుకు కావలసినవి ఉన్న నలుగురి కవర్లూ తెచ్చింది కస్తూరే. పెద్ద హాలులో వరసలో నిలబడి, కార్డు చూపించి, టీము పేరు చెప్పి తీసుకుంది. ఆ తర్వాత మైకులో అరగంటసేపు జాగ్రత్తలు చెప్పారు. అందరూ సెల్ఫీలు తీసుకుంటుంటే ఆమె ముందు వరసలో కూర్చుని ప్రతి మాటా వింది.

చివర్లో ఒక మాట చెప్పారు. కవర్లతో ఇచ్చిన పుస్తకంలో అచ్చువేసిన మ్యాపు పాతది. అడయార్ డిపో దగ్గర వాననీటి కాలువ కోసం రోడ్డు తవ్వేశారు. అందువల్ల మూడో రన్నరు నాలుగో రన్నరుకు అందించే మూడో మార్పిడి డిపో దగ్గర కాదు, తిరువాన్మియూర్ బస్టాండు దగ్గర. మూడో రన్నరుకు రెండు కిలోమీటర్లు పెరుగుతాయి, నాలుగో రన్నరుకు తగ్గుతాయి. ఏడున్నర లోపల నాలుగో రన్నరు కదలకపోతే ఆ టీము పరుగు పూర్తి చేయలేదని రాసేస్తారు. ఈ సంగతి అచ్చువేసిన పసుపు కాగితం నాలుగో రన్నరు కవరులో ఉంటుంది. టీము పేరు నమోదు చేసిన ఫోనుకు మెసేజి కూడా వస్తుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కస్తూరి నాలుగో కవరు తెరిచింది. పసుపు కాగితం బయటికి తీసింది. మడిచి తన సంచి అడుగున పెట్టుకుంది. 

రాజశ్రీ పాత చోటే నిలబడి ఉంటుంది. ఎదురుచూస్తూ ఉంటుంది. ఎవరూ రారు. అక్కడ బెసంట్ నగర్ బీచ్‌లో, ఫినిష్ దగ్గరి పందిరి కింద, ఆఫీసు పెద్దలు పూలగుత్తి పట్టుకుని కూర్చుంటారు. వాళ్ళ దగ్గరికి కూడా ఎవరూ రారు. మూసిన గేటు ముందు నిలబడటం ఎలా ఉంటుందో ఒక్క పూట తెలిస్తే చాలు.

*

నాలుగు గంటలకు రాజశ్రీ స్కూటరు చప్పుడైంది. వెనక కూర్చున్న భర్త తిరువేంగడం దిగీ దిగకముందే అడిగాడు.

"నాకు సెకండ్ లెగ్గేనా చెల్లెమ్మా? ఫస్టు ఇవ్వొద్దని ముందే చెప్పినా. గుంపు చూస్తే నాకు గుండె దడ."

"సెకండే అన్నా. లైట్‌హౌస్ దగ్గర ఈయన పట్టీ ఇస్తాడు, మీరు తీసుకోవాల. మందవెళిలో నాకు ఇచ్చేయాల."

చాప వేసి నలుగురూ కూర్చున్నారు. కస్తూరి చీరలు చూపించేదానిలా ఒక్కొక్క కవరూ ఎవరి ముందు వాళ్ళకు పెట్టింది.

"నంబరు గుడ్డ ముందర వైపే తగిలించాల. నాలుగు మూలలకీ పిన్నులు. మడవకూడదు. వెనక మీ బ్లడ్ గ్రూపు, ఇంట్లోవాళ్ళ ఫోను నంబరు ఇప్పుడే రాసేయండి, రేపు పెన్ను దొరకదు. కొత్త షూ కండిప్పా వేసుకోవద్దు, అస్సలు వద్దు. అన్నా, మీకే చెప్తాండా."

తిరువేంగడం తన కొత్త షూ వైపు దిగులుగా చూసుకున్నాడు.

"పరుగు ఐదున్నరకు. సంచులు తీసుకునే కౌంటరు ఐదుంబావుకు మూసేస్తారు. రెండు కిలోమీటర్లకొకసారి నీళ్ళుంటాయి. ఇదో, చిప్పున్న పట్టీ. చీలమండకు చుట్టుకోవాల. ఇది ఎవరి కాలికుంటే టైము వాళ్ళది. పట్టీ విప్పి తరువాతి వాళ్ళ కాలికి కట్టాలే గానీ, చేతిలో పట్టుకోని పోతే కుదరదు."

"నేను తెల్లారి ఇడ్లీ చేసిస్తా," అంది మునెమ్మ.

"ఇడ్లీ వద్దత్తా. అరటిపండు చాలు. పరుగైపోయినాక తింటారు."

రాజశ్రీ ముందుకు జరిగి కూర్చుంది. తన కవరు తెరిచి, నంబరు గుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుంది. పిన్నులు లెక్కపెట్టింది. కవరు లోపల చెయ్యి పెట్టి అడుగుదాకా తడిమింది.

"ఇంకేమన్నా కాగితం ఇచ్చినారా?" అని అడిగింది.

"లేదు వదినా."

"నేను యాడ నిలబడాల?"

"అడయార్ డిపో దగ్గర. ఏడుకల్లా ఆడ ఉంటే చాలు. పుస్తకంలో ఉండాది చూడు."

"డిపో దగ్గరేనా?"

"డిపో దగ్గరే."

సరిగ్గా అప్పుడు కోటి ఫోను మోగింది. మెసేజి. అతను తీసి చదివాడు. చదవడం పూర్తయ్యాక ఫోను చాప మీద బోర్లించాడు. తల ఎత్తి కస్తూరిని చూశాడు. కస్తూరి చూపు తిప్పుకోలేదు. టీము నమోదైంది కోటి నంబరు మీదే. ఆ మెసేజి ఏమిటో ఆమెకు తెలుసు. తెలుసని అతనికీ అర్థమైంది.

"ఏందిరా అది?" అంది రాజశ్రీ.

"సుమ్మా, ఏమీ లేదు, కంపెనీ మెసేజక్కా," అన్నాడు కోటి.

 పదేళ్ళ కాపురంలో అతను తన పక్షాన ఒక్క మాట మాట్లాడినవాడు కాదు. ఈ రోజు మాట్లాడకుండానే తన వైపు నిలబడ్డాడు. సొంత అక్కను కూడా కాదని నిలబడ్డాడు. మధ్యాహ్నం అతనికి పెరుగన్నం సరిగా తిననివ్వలేదే అని జాలి కూడా కలిగింది.

రాజశ్రీ కస్తూరి మొహాన్ని కాసేపు చూసింది. ఏదో అడగబోయి మానుకుంది.

"సరి," అని కవరు మూసి సంచిలో పెట్టుకుంది. "మా ఆఫీసు జీపు నన్ను దించేస్తాది. మీరు మీ చోట్లకు టైముకు పోండి."

*

మందవెళిలో తిరువేంగడం ఎర్రబారిన మొహంతో, పాత షూతో, అనుకున్నదానికంటే రెండు నిమిషాలు ముందే వచ్చాడు. కూలబడి పట్టీ విప్పుతుంటే అతని వేళ్ళు ఒకదానికొకటి తగులుకుంటున్నాయి. కస్తూరి తానే లాగి తన కాలికి చుట్టుకుంది. అప్పటికి ఆరు ముప్ఫై ఐదు. వెలుతురు వచ్చేసింది.

మొదటి కిలోమీటరు ఊపిరి అందలేదు. రెండోదానికి కాళ్ళు దారిలో పడ్డాయి. వెనక నుంచి ఎవరి అడుగులూ వినబడటం లేదు. ముందు పోతున్న వాళ్ళను ఒక్కొక్కరినే దాటుతోంది. ముప్ఫై మూడేళ్ళ వయసులో, రోజూ పదకొండు గంటలు నిలబడే కాళ్ళతో, ఐటీ కుర్రాళ్ళను దాటుతోంది. ఆ రోజు ఆరున్నరకు ఆ గేటు లోపల ఉండి ఉంటే ఈ కాళ్ళు ఎక్కడిదాకా పోయేవో అనుకుంది. అనుకున్న కొద్దీ వేగం పెరిగింది.

అడయార్ వంతెన దిగాక డిపోకు పోయే రోడ్డుకు అడ్డంగా బారికేడ్లు పెట్టి ఉన్నాయి. వలంటీర్లు జెండాలు ఊపి రన్నర్లను కుడివైపు మళ్ళిస్తున్నారు. కస్తూరి తిరిగేటప్పుడు ఒక్క క్షణం మెడ చాచి ఆ రోడ్డులోకి చూసింది. మట్టి గుట్టలు, సిమెంటు గొట్టాలు తప్ప ఏమీ కనబడలేదు. ఆ గుట్టల వెనక ఎక్కడో రాజశ్రీ నిలబడి ఉంటుంది. గడియారం చూసుకుంటూ ఉంటుంది.

"నిలబడు," అంది కస్తూరి పైకే. పక్కన పరిగెడుతున్నాయన తననేమో అనుకుని తిరిగి చూశాడు.

తిరువాన్మియూర్ చేరాక ఏం చేయాలో కూడా అనుకుని పెట్టుకుంది. మీ నాలుగో రన్నరు ఎక్కడమ్మా అని అడుగుతారు. తెలీదు సార్ అంటుంది. నీళ్ళు తాగి, గట్టు మీద కూర్చుని, ఏడున్నర అయ్యేదాకా గడియారం చూస్తుంది. అంతే. ఒక్క కఠినమైన మాట కూడా అనక్కర్లేదు.

బస్టాండు ముందు నీలం తోరణం కనబడింది. కింద పెద్ద గడియారం ఏడూ పదమూడు చూపిస్తోంది. వలంటీరు మైకులో తమ టీము నంబరు చదివాడు.

"నాలుగో రన్నర్ ఉన్నారా?"

"ఉండా," అంది ఒక గొంతు.

తోరణం కింద, గట్టు మీద, కుడికాలు ముందుకు చాచి రాజశ్రీ కూర్చుని ఉంది.

*

కస్తూరి కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి.

"విప్పు," అంది రాజశ్రీ. "విప్పి కట్టు."

కస్తూరి వంగింది. పట్టీ విప్పింది. మోకాళ్ళ మీద కూర్చుని రాజశ్రీ చీలమండకు చుట్టబోతే పట్టీ అంటుకోవడం లేదు. చెమటకు తడిసిపోయింది. 

"నీకెట్ల తెలిసింది?"

"నిన్న మీ ఇంటినుంచి పోయినాక హెల్ప్‌లైనుకు ఫోన్ చేసినా. పన్నెండేండ్లుగా ఏ టైమూ, ఏ చోటూ ఒకరి నోటిమాట మీద నమ్మను నేను. ఆఫీసులో నవ్వుతారు. నవ్వినా సరే, నేనే అడిగి తెలుసుకుంటా."

"అయితే నిన్న అడగొచ్చు గదా నన్ను."

"రెండుసార్లు అడిగితిని గదా. మూడోసారి అడగడానికి నోరు రాలే. అటక దులిపినారని సోమవారమే అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ కాగితం నీ చేతికి చిక్కిందని అప్పుడే అనుకుంటిని."

కస్తూరి తల ఎత్తింది. ఎంత అణచుకుందామన్నా గొంతు పైకి లేచింది.

"ఏంటికి చేసినావు రాజీ?"

పదేళ్ళ తర్వాత ఆమె నోట ఆ పేరు వచ్చింది. రాజశ్రీ కళ్ళు మూసుకుని తెరిచింది.

"నేను చెయ్యలా."

"కాగితం నీ పెట్టెలో ఉండె."

"ఉండె. నేనే పెట్టినా. కస్తూ, ఆ పొద్దు ఆ ఉత్తరం కోటిగాని చేతికే ఇచ్చినా. ఆరున్నరకంట, పోయి ఇచ్చేసి రా అని చెప్పి పంపినా. తెల్లారి నేను గేటు దగ్గరే నిలబడి నీకోసం చూస్తాండా. నీ పేరు మూడుసార్లు పిలిచినారు. ఇంకొక్కసారి పిలవండి సార్, వచ్చేస్తాది అని పేర్లు పిలిచే సారు కాళ్ళు పట్టుకుంటిని. నువ్వు రాలే."

పక్కన వేరే టీము అమ్మాయి కేకలు వేస్తూ పట్టీ అందుకుని పరిగెత్తింది. వలంటీరు వీళ్ళ దగ్గరికి వచ్చాడు.

"మేడం, టైమ్ పోవుదు."

"పోనీ," అంది రాజశ్రీ అతని వైపు చూడకుండా. "ఇంటికి పోయి వాణ్ణి గోడకు ఆనించి అడిగితిని. జేబులోనించి కాగితం తీసి ఇచ్చినాడు. ఉద్యోగమొస్తే కస్తూరి ట్రైనింగని ఊరు విడిచి పోతాది, మళ్ళీ నా మొకం చూడదు, అందుకే తొమ్మిదని చెప్పినా అని ఏడ్చినాడు. నువ్వంటే వాడికి అప్పుడే పిచ్చి."

 పట్టీ ఇంకా కస్తూరి రెండు వేళ్ళ మధ్యే ఉంది.

"నాకు చెప్పుండొచ్చు నువ్వు."

"చెప్పుండొచ్చు. తమ్ముడు గదా అని ఒక పొద్దు ఆగితిని. అంతలో ఉద్యోగం నాకొచ్చింది. అప్పురం, రెండేండ్లకు, నువ్వు వాణ్ణే చేసుకుంటివి. ఇంక ఎప్పుడు చెప్పేది? దానికి నువ్వు నన్నేమన్నా పడతా. మా ఆఫీసోళ్ళ ముందరే అను. నేను నోరు మూసుకోని ఉద్యోగం తిన్నదాన్ని. కానీ ఆ తొమ్మిది మాత్రం నాది కాదు."

రాజశ్రీ వంగి, కస్తూరి వేళ్ళలోంచి పట్టీ తీసుకుని, తన కాలికి తానే చుట్టి గట్టిగా నొక్కింది. లేచి నిలబడింది.

"నిన్న వాడి ఫోనుకు మెసేజి వచ్చింది," అంది. "అదేందో నాకు తెలుసు. నాకు చెప్తాడేమో అని రాత్రంతా ఫోను చేతిలో పెట్టుకోనుంటిని. చెప్పలే."

అంతే. తోరణం దాటి పరుగు మొదలుపెట్టింది. గడియారం ఏడూ పదిహేడు చూపిస్తోంది.

*

కస్తూరి గట్టు మీద కూర్చుంది. ఎవరో నీళ్ళ సీసా చేతికి ఇచ్చారు. మూత తీయలేదు.

నిన్న చాప మీద ఫోను బోర్లించినప్పుడు కోటి చూసిన చూపు కళ్ళముందు నిలిచింది. తన వైపు నిలబడ్డాడనుకుంది. ఆ చూపుకు పొంగిపోయింది. అతను నిలబడింది తన వైపు కాదు. శిక్ష అక్క మీద పడిపోతే ఆ కాగితం గొడవ అక్కడితో తీరిపోతుందని చూశాడు. పది మందిలో అక్క తలవంచుకుంటే చాలు, ఇంక కస్తూరి దేన్నీ తవ్వదని చూశాడు. సైకిలు మీద వచ్చి తొమ్మిదని చెప్పిన రోజు కూడా ఇలాగే చూసి ఉంటాడు. పెళ్ళైన కొత్తలో ఆమె కాళ్ళకు కొబ్బరినూనె రాస్తూ, "పాపం, ఆ ఉద్యోగమొచ్చుంటే ఇంత కష్టం ఉండేది కాదు," అన్నాడు. 

నడుము సంచిలోంచి ఫోను తీసింది. లైట్‌హౌస్ దగ్గర తన వంతు కాగానే, రోడ్లు మూయకముందే తల్లిని బండి ఎక్కించుకుని ఫినిష్ దగ్గరికి చేరిన కోటి మొదటి రింగుకే ఎత్తాడు. వెనక బీచ్ మైకు గోల వినబడుతోంది.

"అయిపోయిందా నీది? అక్క రాలేదు గదా?"

"రాదని నీకెట్ల తెలుసు మామా?"

కస్తూరి నీళ్ళ సీసా గట్టు మీద పెట్టింది.

"అక్క వచ్చింది. పట్టీ కట్టుకోని పోయింది. పోతా పోతా ఒక మాట చెప్పింది."

"ఏమని?"

"నీకు తెలుసు ఏమనో."

అవతల మైకు గోల పెరిగింది. ఎవరో గెలిచారు కాబోలు, చప్పట్లు కొడుతున్నారు.

"కాగితం నా చేతికి ఇచ్చుంటే నేను ఆరున్నరకు పోయుంటా గదా," అంది కస్తూరి. గొంతు ఎత్తలేదు. చీర ధర చెప్పినంత మామూలుగా అంది. "ఆడనే ఉండు. అత్తను గూడా ఉండమను. అక్క ఫినిష్ కాడికి వచ్చేస్తాది. నేనూ వస్తాండా. నలుగురి ముందర నువ్వే చెప్పాల, నీ నోటితో."

ఫోను కట్టయింది.

రోడ్డు పక్కన రన్నర్లను తీసుకుపోయే బస్సు ఆగి ఉంది. ఎక్కబోతే డ్రైవరు చెయ్యి అడ్డం పెట్టాడు. తొమ్మిది దాకా రోడ్లు మూసి ఉంటాయనీ, అప్పటిదాకా ఏ బండీ కదలదనీ తమిళంలో చెప్పాడు. కూర్చోవాలంటే కూర్చోవచ్చన్నాడు. ఆమె దిగుతుంటే మళ్ళీ ఫోను మోగింది. మునెమ్మ.

"కస్తూరీ, ఏమని చెప్పినావు మే వాడికి? సంచీ నా ఒళ్ళో పడేసినాడు. బండి తాళం ఎత్తుకోని పోతాండాడు. యాడికిరా అంటే పలకడు. మొకం చూస్తే నాకు భయంగా ఉండాది."

"బండి యాడ పెట్టినాడు?"

"చర్చి పక్కన, అందరూ పెట్టిన చోటే."

"పోనీ అత్తా. ఆపొద్దు. తొమ్మిది దాకా ఆడినుంచి ఏ బండీ బయటికి రాదు."

"ఏం చేసినాడే వాడు?"

కస్తూరి ఫోను కట్ చేసింది. వంగి షూ తాళ్ళు విప్పి మళ్ళీ బిగించి కట్టుకుంది. మోకాళ్ళు పీకుతున్నాయి. పక్కనున్న వలంటీరును బెసంట్ నగర్ చర్చికి అడ్డదారి అడిగింది. అతను రెండు వీధులు చెప్పి, ఎడమకు తిరగమన్నాడు. రెండు కిలోమీటర్లకు కాస్త పైన. మీ పరుగు ముగిసింది కదా మేడం, కాసేపు కూర్చోండి అని కూడా అన్నాడు.

ఆమె అప్పటికే ఫుట్‌పాత్ ఎక్కి పరిగెడుతోంది. మొదటి వీధి మలుపులో చేతిలో ఫోను మోగింది. ఈసారి కోటి.

ఎత్తలేదు. కట్ చేయలేదు. మోగనిచ్చింది. పరుగు మాత్రం ఆపలేదు.